పిల్లల సంగతి సరే, మీ సంగతేమిటి?

జూన్ 12న బడులు తెరిచిన దగ్గర్నుంచి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో బడి ఉద్యోగులవే ఎక్కువ. టీచర్లు, హెచ్‌ఎంలు, వంటమ్మలు, ఆయాలు, వాచ్‌మెన్లు రాస్తున్నారు. చాలామంది ఉత్తరం నిండా పిల్లల జలుబుల గురించి, జ్వరాల గురించి అడిగి, ఆఖర్న ఒక్క వాక్యంలో తమ బాధ చెప్పి ముగిస్తారు. ఈసారి ఆ ఆఖరి వాక్యాలకే జవాబులు రాస్తున్నాను. ప్రభుత్వాసుపత్రిలో పనిచేసినన్నాళ్ళూ వానాకాలం ఓపీలో బడి వాళ్ళను చూస్తూనే ఉన్నాను. జబ్బు ముదిరాక, అదీ రెండో శనివారమో ఆదివారమో చూసుకుని వచ్చేవాళ్ళు. ముందే రావచ్చు కదా అంటే "సెలవు దొరకలేదు డాక్టరు గారూ" అనేవాళ్ళు.

ప్రశ్న: నా వయసు 44. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. రెండు బస్సులు మారి వెళ్ళాలి. లేడీ టీచర్లం ఆరుగురికి ఒకటే బాత్రూమ్. దానికి గడియ పడదు, వాన పడితే లోపల నీళ్ళు నిలుస్తాయి. అందుకని పొద్దున కాఫీ తాగి బయల్దేరితే మళ్ళీ ఇంటికి చేరేదాకా నీళ్ళు ముట్టను. ఈ ఏడాది మూత్రంలో మంట రావడం ఇది మూడోసారి. మందుల షాపులో అడిగి మాత్రలు వేసుకుంటే రెండు రోజుల్లో తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. వానాకాలం దాహమే వేయదు కదా, నీళ్ళు తాగకపోతే అంత నష్టమా?
— ఉపాధ్యాయిని, సాలూరు

జవాబు: నష్టమేనమ్మా. ఆడవాళ్ళకు మూత్రనాళం పొట్టిది కాబట్టి క్రిములు మూత్రసంచిలోకి చేరడం తేలిక. చేరినవాటిని ఎప్పటికప్పుడు బయటికి కడిగేసేది మూత్రమే. పొద్దున 8 నుంచి సాయంత్రం 5 దాకా నీళ్ళు లేకుండా, బాత్రూమ్‌కు పోకుండా బిగబట్టుకుని కూర్చుంటే అవి లోపలే పెరుగుతాయి. దాహం వేయడం లేదంటే ఒంటికి నీళ్ళు అక్కర్లేదని కాదు. ముసురులో చెమట తెలియదు గానీ, ఆరు పీరియడ్లు మాట్లాడే మనిషికి నోటి నుంచే బోలెడు తేమ పోతుంది.

మందుల షాపు మాత్రలు ఇక వద్దు. రెండు రోజులు వేసుకుని ఆపేస్తే గట్టి క్రిములు మిగిలిపోతాయి, మరుసటిసారి ఆ మందుకు లొంగవు. ఈసారి మంట మొదలవగానే, ఏ మాత్రా వేసుకోకముందే, మూత్రం కల్చర్ పరీక్షకు ఇవ్వండి. ఏ మందు పనిచేస్తుందో రెండు మూడు రోజుల్లో తేలుతుంది. ఏడాదిలో మూడుసార్లు అంటున్నారు కాబట్టి షుగర్ కూడా చూపించుకోండి. చలితో జ్వరం, నడుముకు ఒక పక్క నొప్పి, వాంతులు ఉంటే ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పోయిందని అనుమానించి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. బయల్దేరే ముందు ఒక గ్లాసు, ఇంటర్వెల్‌లో ఒకటి, అన్నంతో ఒకటి, మధ్యాహ్నం ఇంకొకటి తాగండి. మూడు నాలుగు గంటలకోసారి బాత్రూమ్‌కు వెళ్ళాలి. మూత్రం లేత పసుపులో ఉంటే చాలు.

ఇక ఆ గడియ సంగతి. దాన్ని బిగించడానికి వడ్రంగికి అరగంట పని. ఆ అరగంట పని జరగక ఆరుగురు ఆడవాళ్ళు రోజంతా దాహంతో కూర్చుంటున్నారు. నాకు ఇది జబ్బు కన్నా ఎక్కువ బాధ కలిగించింది. మాటగా చెబితే ఎవరికీ గుర్తుండదు. ఆరుగురూ సంతకాలు పెట్టి హెచ్‌ఎం గారికి కాగితం ఇవ్వండి. సమగ్ర శిక్ష పథకం కింద బడి నిర్వహణ ఖర్చులకు వచ్చే కాంపోజిట్ గ్రాంటులో కనీసం 10 శాతం పరిశుభ్రతకు ఖర్చు చేయాలన్న నిబంధన ఉంది. అడగడానికి మొహమాటపడాల్సిన విషయం కాదిది. మా అమ్మ ఎలిమెంటరీ స్కూలు టీచరు. ఆమె పనిచేసిన బడిలో బాత్రూమే లేదు. పక్కింటి వాళ్ళ పెరట్లోకి వెళ్ళొచ్చేది, అదీ వాళ్ళు ఇంట్లో ఉన్న రోజున. తర్వాత ఆమె కిడ్నీలో రాళ్ళతో చాలా బాధపడింది. నీళ్ళు తక్కువ తాగేవాళ్ళకు ఆ రాళ్ళు వచ్చే అవకాశం ఎక్కువ. ఇన్నేళ్ళ తర్వాత కూడా టీచర్లు అదే బాధ రాయడం నాకు మింగుడు పడటం లేదు.

ప్రశ్న: మా స్టాఫ్‌లో ఇద్దరికి డెంగీ వచ్చింది. ఒకరికి ప్లేట్‌లెట్లు 60 వేలకు పడిపోయాయి. అందరికీ టెన్షన్‌గా ఉంది. ఫాగింగ్ చేయించమని పంచాయతీకి రాశాను. ఇంకేం చేయాలి? నాకూ నిన్నటి నుంచి ఒళ్ళు నొప్పులుగా ఉంది.
— ప్రధానోపాధ్యాయుడు, నిజామాబాద్ జిల్లా

జవాబు: మాస్టారూ, ముందు మీ ఒళ్ళు నొప్పుల సంగతి చూద్దాం. జ్వరం కూడా మొదలైతే పారాసెటమాల్ ఒక్కటే వేసుకోండి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు డెంగీలో రక్తస్రావాన్ని పెంచుతాయి. ఎవరో చెప్పారని నడుముకు ఇంజెక్షన్ చేయించుకోవద్దు. డెంగీ అవునో కాదో తేలడానికి, జ్వరం వచ్చిన మొదటి అయిదు రోజుల్లో అయితే ఎన్ఎస్1 రక్తపరీక్ష, ఆ తర్వాత ఐజీఎం రక్తపరీక్ష పనికొస్తాయి.

మీకే కాదు, మీ స్టాఫంతటికీ ఒకటి గట్టిగా చెప్పాలి. డెంగీలో ప్రమాదం జ్వరం కాస్తున్నప్పటి కన్నా తగ్గుతున్నప్పుడే ఎక్కువ. మూడో రోజు నుంచి ఏడో రోజు లోపు జ్వరం దిగుతుంది. "హమ్మయ్య, తగ్గింది" అని జనం స్కూలుకు బయల్దేరేది సరిగ్గా అప్పుడే. ఆ ఒకటి రెండు రోజుల్లోనే రక్తనాళాల నుంచి నీరు బయటికి కారి బీపీ పడిపోవచ్చు. ఆగని కడుపునొప్పి, మాటిమాటికి వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, నల్లటి విరేచనం, చేతులు చల్లబడటం, మత్తుగా పడుకుండిపోవడం, ఇందులో ఏది కనిపించినా ఆసుపత్రిలో చేరాలి. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూసి భయపడవద్దు. రక్తస్రావం లేకపోతే, అవి 10 వేల కన్నా కిందికి పోనంతవరకు సాధారణంగా ఎక్కించాల్సిన అవసరం రాదు. ఆ టీచరుకు నోటి ద్వారానో సెలైన్ ద్వారానో చాలినంత ద్రవాలు అందుతున్నాయా, మూత్రం సరిగా వస్తోందా అన్నవి ముఖ్యం. జ్వరం పూర్తిగా పోయి రెండు రోజులు గడిచేదాకా ఆయన్ని డ్యూటీకి రావద్దని మీరే చెప్పండి. హెచ్‌ఎం నోటి నుంచి ఆ మాట వస్తేనే వాళ్ళు ధైర్యంగా పడుకుంటారు.

ఫాగింగ్‌తో ఎగిరే దోమలు కొన్ని చస్తాయి, అంతే. నీళ్ళలో ఉన్న పిల్లదోమలకు ఏమీ కాదు. డెంగీ దోమ పగలు కుడుతుంది, శుభ్రమైన నీళ్ళలోనే పెరుగుతుంది, పుట్టిన చోటు నుంచి సాధారణంగా కొన్ని వందల మీటర్లు దాటిపోదు. కాబట్టి మీ బడిలో కుడుతున్న దోమ చాలావరకు మీ బడిలోనో, గోడ అవతలి ఇంట్లోనో పుట్టిందే.

శుక్రవారం ఒక తెల్ల మగ్గు పట్టుకుని ఆవరణంతా తిరగండి. చేతులు కడుక్కునే కుళాయిల దగ్గరి డ్రమ్ములో మగ్గు ముంచి, వెలుతురులో పెట్టి ఒక నిమిషం కదలకుండా చూడండి. సన్నటి నూలుపోగు ముక్కల్లా మెలికలు తిరుగుతూ పైకి వచ్చి, మగ్గు కదపగానే అడుక్కి పారిపోయేవి ఉంటే అవే పిల్లదోమలు. తర్వాత మూత లేని సింటెక్స్ ట్యాంకు, డాబా మీద ఆకులడ్డుపడి నీళ్ళు నిలిచిన మూల, విరిగిన బెంచీల కుప్ప, స్టాఫ్‌రూమ్ ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీల కింది పళ్ళేలు చూడాలి. అన్నిటికన్నా ముందు చూడాల్సినవి రంగులు వేసి మొక్కల చుట్టూ పాతిన పాత టైర్లు. చూడముచ్చటగా ఉంటాయని ప్రతి బడిలోనూ పెడుతున్నారు. టైరు లోపలి గాడిలో చేరిన నీళ్ళు వంచినా పూర్తిగా పోవు. తీసేయండి, లేదా నీళ్ళు కారేలా రంధ్రాలు కొట్టించి మట్టితో నింపండి.

డ్రమ్ము వంచేస్తే సరిపోదు. గుడ్లు గోడకు అంటుకుని ఉంటాయి, నెలల తరబడి ఎండినా చావవు, మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. లోపలి గోడ పీచుతో రుద్ది కడగాలి. గుడ్డు దోమ కావడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది కాబట్టే వారానికోసారి డ్రై డే, అంటే నిలవ నీళ్ళన్నీ పారబోసి ఆరబెట్టే రోజు, చేయమంటున్నారు. ఒక్క వారం మానినా ఆ తరం దోమలు ఎగిరిపోతాయి. దసరా సెలవుల్లో ఎవరు చూస్తారో ఇప్పుడే ఒకరి పేరు రాసుకోండి.

ప్రశ్న: లెక్కలు చెబుతాను. మా తరగతి రేకుల షెడ్డు. వాన మొదలైతే నా మాట నాకే వినపడదు. నెల నుంచి గొంతు బొంగురుపోయింది. రెండు కోర్సులు యాంటీబయాటిక్స్ అయ్యాయి.
— ఉపాధ్యాయుడు, మాచర్ల

జవాబు: నెల అంటే ఇక ఆగకూడదు మాస్టారూ. బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరు చిన్న కెమెరాతో స్వరతంత్రులను చూడాలి. అరిచి అరిచి వాటి మీద చిన్న బుడిపెలు వచ్చి ఉంటే యాంటీబయాటిక్స్‌తో పోవు. మొదట్లో అయితే గొంతుకు విశ్రాంతి, మాట తీరు సరిచేసే స్పీచ్ థెరపీతోనే చాలామందికి తగ్గుతుంది. పొగాకు అలవాటు ఉంటే కెమెరా పరీక్షను ఒక్క వారం కూడా వాయిదా వేయకండి.

రేకుల మీద వాన పడుతుంటే దాంతో పోటీపడవద్దు. ఆ ఇరవై నిమిషాలకని లెక్కలు ముందే ఒక చార్టు మీద రాసి పెట్టుకోండి. వాన రాగానే చార్టు తగిలించి, పిల్లలను చేయమని బెంచీల మధ్య తిరగండి. గొంతు నొప్పి అని గుసగుసగా మాట్లాడటం ఇంకా చెడ్డది, తంత్రుల మీద అదీ ఒత్తిడే. బోర్డు తడిగుడ్డతో తుడిస్తే సుద్ద పొడి లేవదు. రాత్రి తొమ్మిదిన్నరకు తిని వెంటనే పడుకునే అలవాటుంటే కడుపులోని పులుపు గొంతుదాకా వచ్చి బొంగురు తగ్గనివ్వదు. అన్నానికీ పడకకూ మధ్య రెండు మూడు గంటలు ఉండేలా చూసుకోండి.

ప్రశ్న: నాకు ఐదో నెల. ఒకటో తరగతి చెబుతాను. నా పక్కనే కూర్చునే బాబుకు నిన్న ఆటలమ్మ పోసింది. మా అత్తగారు వేపాకు కట్టి, భయం లేదంటున్నారు. నాకు చిన్నప్పుడు వచ్చిందో లేదో గుర్తులేదు.
— ఉపాధ్యాయిని, కాకినాడ

జవాబు: ఈ పత్రిక చేరేదాకా ఆగకూడదని మీకు విడిగా జవాబు పంపించాను. ఇదే స్థితిలో ఉన్న మిగతా అమ్మాయిల కోసం మళ్ళీ రాస్తున్నాను. ముందు పుట్టింటికి ఫోన్ చేసి అమ్మను అడగండి. చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చి ఉంటే దాదాపు ఎప్పుడూ మళ్ళీ రాదు, నిశ్చింతగా ఉండొచ్చు. రాలేదన్నా, తెలియదన్నా అదే రోజు మీ గైనకాలజిస్టును కలిసి వరిసెల్లా ఐజీజీ రక్తపరీక్ష చేయించుకోవాలి. ఒంట్లో రక్షణ లేదని తేలితే, పిల్లాడి దగ్గర ఉన్న రోజు నుంచి 10 రోజుల లోపు ఇమ్యూనోగ్లోబులిన్, అంటే తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్ ఇచ్చే వీలుంది. ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది. ఆటలమ్మ టీకా మాత్రం కడుపుతో ఉన్నప్పుడు వేయకూడదు. గర్భిణికి ఆటలమ్మ వస్తే న్యుమోనియా ప్రమాదం ఉంటుంది కాబట్టి పొక్కులు కనిపించిన వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి. కానీ ఓపీ వరుసలో మిగతా గర్భిణుల మధ్య కూర్చోవద్దు. వేపాకు కట్టిన మీ అత్తగారిది ప్రేమే, దాన్ని కాదనకండి. పరీక్ష మాత్రం ఆపకండి.

ఆ బాబు పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా బడికి రాకూడదు. దద్దు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది, అందుకే మీ పరీక్ష అవసరమైంది. ఇంకో మాట. గర్భిణులకు ఫ్లూ టీకా వేయించుకోవచ్చు, వేయించుకోవాలి కూడా. తరగతి గదిలో ఉండేవాళ్ళకు మరీ ముఖ్యం.

ప్రశ్న: అమ్మా, నేను బడిలో మధ్యాహ్న భోజనం వండుతాను. గంజి వారుస్తుంటే గుండిగ జారి చెయ్యి కాలింది. ఎవరో పేస్టు రాశారు, బొబ్బలు చితికి పుండైంది. ఇంకా రోజంతా తడిలో నిలబడి కాలివేళ్ళ సందులు తెల్లగా పాచిపోయాయి. పనికి వెళ్ళకపోతే ఆ రోజు డబ్బులు పోతాయని వెళ్తున్నాను. మా మేనకోడలి చేత రాయిస్తున్నాను.
— వంట కార్మికురాలు, నర్సీపట్నం దగ్గర

జవాబు: అమ్మా, ముందు ఆ చెయ్యి పీహెచ్‌సీలో చూపించు. చీము, వాసన, చుట్టూ ఎర్రదనం ఉంటే ఈ రోజే వెళ్ళాలి. శుభ్రంగా కట్టుకట్టి, ధనుర్వాతం ఇంజెక్షన్ కావాలో లేదో చూస్తారు. పుండు మానేదాకా ఆ చేత్తో పిల్లల అన్నం ముట్టకూడదు, పుండులోని క్రిములు అన్నంలో చేరితే పిల్లలకు వాంతులవుతాయి. ఈ మాట హెచ్‌ఎం గారికి చూపించు. నీ డబ్బులు పోకుండా, నీతో వండే ఇంకొకామెతో పని మార్చుకునేలా ఆయన ఏర్పాటు చేయాలి. బియ్యం ఏరడం, లెక్క రాయడం లాంటివి నువ్వు చేయొచ్చు.

ఇక ముందు ఎవరికి కాలినా వెంటనే కుళాయి కింద 20 నిమిషాలు పెట్టాలి. మామూలు నీళ్ళు చాలు. ఐసు, పేస్టు, సిరా, పసుపు ఏవీ వద్దు. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయాలి. బొబ్బ చిదపకూడదు.

గుండిగ ఎందుకు జారిందో నువ్వు రాయలేదు గానీ, వానాకాలం కాలిన చేతులతో ఆసుపత్రికి వచ్చే వంటమ్మలు ఎక్కువగా ఒకటే చెప్పేవాళ్ళు. మసిగుడ్డ తడిగా ఉంది అని. ముసురులో మసిగుడ్డ ఆరదు. తడిగుడ్డతో వేడి గిన్నె పట్టుకుంటే వేడి గబుక్కున చేతికెక్కి, తెలియకుండానే వదిలేస్తాం. నాలుగు మందపాటి మసిగుడ్డలు పెట్టుకుని, పొయ్యి పక్కన తీగ కట్టి మార్చి మార్చి ఆరేసుకోండి. గుండిగ ఇద్దరు పట్టాలి. నేల మీద గంజి, నీళ్ళు లేకుండా చూసుకోవాలి. కొంగు నడుములో దోపుకోవాలి, నైలాన్ చీర కాకుండా నూలు చీర కట్టుకోవాలి. వీలుంటే గంజి వార్చే పనే లేకుండా అత్తెసరు పెట్టండి, అన్నంలో బలం కూడా పోదు.

ఇక కాళ్ళ సంగతి. ఇంటికి రాగానే సబ్బుతో కడిగి వేళ్ళ సందులు పొడిగుడ్డతో బాగా తుడుచుకుని క్లోట్రిమజోల్ పూత రాయి. తగ్గినట్టు కనిపించాక కూడా రెండు వారాలు రాయాలి. షుగర్ ఉంటే డాక్టరుకు చూపించకుండా ఉండవద్దు. విరేచనాలు అయితే మాత్రం, అవి ఆగి రెండు రోజులు గడిచేదాకా వంట చేయకూడదు.

ప్రశ్న: బాత్రూములు కడిగేటప్పుడు పాచి పోవాలని యాసిడ్, బ్లీచింగ్ కలిపి పోస్తాను. దగ్గు వచ్చి ఊపిరి ఆడటం లేదు.
— ఆయా, భద్రాచలం

జవాబు: ఆ రెండూ ఎప్పటికీ కలపొద్దమ్మా. కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు వస్తుంది, ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. తలుపు మూసి ఉన్న చిన్న బాత్రూములో ప్రాణం కూడా పోవచ్చు. ఊపిరాడకపోవడం ఇంకా ఉంటే ఈ రోజే ఆసుపత్రికి వెళ్ళు, ఏం కలిపావో డాక్టరుకు చెప్పు. ఇకపైన ఒక రోజు బ్లీచింగ్ వాడితే ఆ రోజు యాసిడ్ ముట్టుకోవద్దు. కిటికీ, తలుపు తెరిచి, చేతులకు గ్లౌజులు, కాళ్ళకు బూట్లు వేసుకునే కడగాలి. అవి కొనివ్వాల్సింది బడి, నువ్వు కాదు.

హెచ్‌ఎంలకు ఒక లెక్క. తాగే నీళ్ళ ట్యాంకుకు 1000 లీటర్లకు మంచి బ్లీచింగ్ పౌడర్ సుమారు 2.5 గ్రాములు చాలు. బకెట్లో కలిపి, తేరిన పైనీళ్ళు మాత్రమే పోసి, గంట ఆగి వాడుకోవాలి. మూత తీసి నెలలైన పౌడర్‌లో సత్తువ ఉండదు.

ప్రశ్న: హైస్కూల్లో నైట్ వాచ్‌మెన్‌ని. వరండాలో చాప మీద పడుకుంటాను. ఈ వారంలో రెండుసార్లు పాము కనిపించింది.
— పార్వతీపురం మన్యం జిల్లా

జవాబు: ఈ రాత్రి నుంచే మంచం మీద పడుకో బాబూ. దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి దోపు. దాంతో దోమలూ రావు, పామూ రాదు. నేల మీద పడుకున్నవాళ్ళను రాత్రిపూట ఎక్కువగా కరిచేది కట్లపాము. దాని కాటు నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగా కనిపించదు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం మొదలవుతాయి. ఆ లక్షణాలుంటే పామును చూడకపోయినా పాముకాటు అనే అనుకోవాలి.

కరిస్తే కొయ్యడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం వద్దు. కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి 108కి ఫోన్ చేయాలి. 108 ఆలస్యమైతే బండి మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్ళాలి, నడిపించకూడదు. పామును చంపి తేవాల్సిన పని లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే మందు. వంటగది పక్కన మెతుకులు పారబోస్తే ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి. అది ఆపమని వంటవాళ్ళకు చెప్పు. టార్చి, కర్ర, చెప్పులు లేకుండా రాత్రి అడుగు తీయొద్దు. మీ బడికి దగ్గర్లో పాముకాటు మందు ఏ ఆసుపత్రిలో ఉంటుందో రేపే హెచ్‌ఎం గారిని కనుక్కోమని చెప్పి, ఆ ఆసుపత్రి పేరు, ఫోన్ నంబరు నువ్వు పడుకునే గోడ మీదే పెద్ద అక్షరాలతో రాయించు.